అప్‌డేట్: నాన్న చెయ్యి ఇప్పుడెలా ఉందంటే

పోయిన వారం అడిగాను కదా, ఐసీయూలో బీపీ చూడటానికి మణికట్టు దగ్గర ధమనిలోకి సన్నటి గొట్టం (ఆర్టీరియల్ లైన్) పెట్టాక నాన్న వేళ్లు చల్లబడి నీలంగా మారాయని. మీరన్నట్టే ఆగకుండా డ్యూటీ డాక్టర్‌ని పిలిచాం. లైన్ తీసేశారు. డాప్లర్‌లో (రక్త ప్రవాహం చూసే స్కాన్) రేడియల్ ధమనిలో, అంటే మణికట్టులో బొటనవేలి వైపున్న రక్తనాళంలో, రక్తం గడ్డ కనిపించింది, హెపారిన్ (గడ్డ పెరగకుండా ఆపే మందు) మొదలుపెట్టారు.

మామూలుగా చిటికెన వేలి వైపున్న అల్నార్ ధమని కూడా అరచేతికి రక్తం అందిస్తుందట, అందుకే ఇలా కావడం అరుదు. నాన్నకు బీపీ నిలబెట్టడానికి నోరాడ్రినలిన్ అనే మందు ఎక్కువ మోతాదులో నడిచింది, దాంతో ఆ రక్తనాళాలూ బిగుసుకుపోయాయన్నారు. ఆ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు.

మూడో రోజు గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగొచ్చింది, అంటే రక్తం మళ్లీ అందుతోందన్నమాట. చూపుడువేలి కొన మాత్రం నల్లగా ఎండింది. తీసేయాలా వద్దా అన్నది, ఎంతమేర పాడైందో తేలాకే చెప్తారట. నిన్న ఆ చేత్తోనే నా మణికట్టు పట్టుకుని "కాఫీ ఏదిరా?" అన్నాడు.