బరంపురంలో కారు సీటు కిర్రుకిర్రు: ఇంట్లోనే సరిచేసుకోవచ్చా?

కొత్తగా వచ్చినవాడు:

అందరికీ నమస్కారం. కాకినాడ నుంచి ట్రాన్స్‌ఫర్ మీద బరంపురం వచ్చాను, గాంధీనగర్‌లో అద్దెకు దిగాం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు, ఏపీ నంబరు. డ్రైవర్ సీటు ఒకటే మోత. స్పీడ్ బ్రేకర్ ఎక్కినా కిర్రు, మలుపు తిరిగినా కిర్రు, ఆఖరికి ఫోను తీద్దామని జేబులో చెయ్యి పెట్టినా కిర్రు. మొన్న తప్తపాణి ఘాట్ ఎక్కుతుంటే మా ఆవిడ పాటలు కట్టేసి, ఇదే బాగుంది వినండి అంది. షోరూమ్‌లో అడిగితే సీటు మొత్తం విప్పాలి, బండి వదిలి వెళ్లండి అంటున్నారు. ఇంట్లో చేసుకునే దారి ఏమైనా ఉందా? ఏ నూనె వేయాలి? నాకు ఒడియా రాదు, మెకానిక్ దగ్గరికి వెళ్లాలన్నా కాస్త టెన్షన్‌గానే ఉంది.

గేట్ బజార్ అక్క:

ముందు ఒడియా టెన్షన్ తీసి పక్కన పెట్టండి తమ్ముడూ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, ఇక్కడ తెలుగు రాని కొట్టు వెతుక్కోవాలి. మా వీధి చివర షెడ్డులో కుర్రాళ్లంతా ఇచ్ఛాపురం వాళ్లే. సీటు సంగతి మేస్టారు చెబుతారు, ఆయన ఎలాగూ ఆగరు. నేను అడిగేది వేరు. బండి ఎక్కడ పెడుతున్నారు, వీధిలోనా, ఇంటివాళ్ల పోర్టికోలోనా? పోర్టికోలో అయితే అక్కడ మాత్రం ఏమీ విప్పకండి. ఎందుకో తర్వాత రాస్తాను, పొయ్యి మీద పప్పు ఉంది.

కోర్టుపేట మేస్టారు:

ఏ నూనె అని తర్వాత అడుగుదువుగాని బాబూ, ముందు మోత ఎక్కడినుంచో తేల్చు. ఇంజను, ఏసీ, పాటలు అన్నీ ఆపేసి, తలుపులు వేసుకుని, సీట్లో కూర్చుని ముందుకీ వెనక్కీ, పక్కలకీ ఊగు. నిలబడ్డ బండిలోనే అరిచిందంటే తప్పు సీటులో ఉంది. ఎంత ఊగినా రాకుండా గోతుల్లో మాత్రమే వస్తే సీటును అనుమానించడం మానేసి చుట్టూ చూడు. బెల్టు బకిల్ ప్లాస్టిక్‌కి కొట్టుకుంటుంది, హెడ్‌రెస్ట్ కడ్డీలు వదులవుతాయి, సీటు కింద నీళ్ల సీసా దొర్లుతుంది, వెనక సీటు లాక్ పడే ఇనప కొక్కెం టకటకలాడుతుంది. ఆ కొక్కేనికి గుడ్డ టేపు ఒక చుట్టు చుడితే చాలు, జనం దాని కోసం సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరుగుతారు.

సీటే అని తేలితే, ఒక గాటు ముందుకు జరిపి మళ్లీ ఊగు. మోత మారితే రైలు దగ్గర, అంటే సీటు ముందుకీ వెనక్కీ జారే ఇనప పట్టా దగ్గర. వీపు ఆనించే భాగాన్ని కాస్త వాల్చినప్పుడు మారితే దాని కీలు దగ్గర. సీటు ఎత్తు పెంచే లివరు ఉంటే ఒకటి రెండు మెట్లు లేపి చూడు, దాని కింద కడ్డీలు కలిసేచోట అరవడం చాలా మామూలు. ఇవేవీ కాకపోతే సీటు పక్క ప్లాస్టిక్‌ని అరచేత్తో గట్టిగా అదిమిపట్టి ఊగు. ఆగిపోయిందా, అయితే రెక్సిన్ కవరు ప్లాస్టిక్‌కి రాసుకుంటోందన్నమాట. దానికి నూనె అక్కర్లేదు, సిలికాన్ స్ప్రే గుడ్డకి కొట్టి ఆ గుడ్డతో తుడిస్తే సరి, ఇంట్లో ఉన్న పౌడరు రుద్దినా కొన్నాళ్లు ఊరుకుంటుంది.

ఇక బోల్టులు. సీటు వెనక్కి తోస్తే ముందువి, ముందుకు లాగితే వెనకవి కనిపిస్తాయి, మామూలుగా మొత్తం నాలుగు. పైన ప్లాస్టిక్ మూతలుంటే స్క్రూడ్రైవర్ మొనకి గుడ్డ చుట్టి లేపు, లేకపోతే విరుగుతాయి. చాలా చిన్న కార్లకి 14 నంబర్ సాకెట్ పడుతుంది, కొన్నిటికి నక్షత్రం బిట్ కావాలి. వదులుగా ఉంటే బిగించు, అంతేగాని పానాకి పైపు తగిలించి వేలాడకు. ఒకవేళ బోల్టు తిరుగుతూనే ఉండి పట్టు దొరకలేదంటే మరలు పోయాయి, అది ఇంటి పని కాదు, తిన్నగా వర్క్‌షాప్‌కి వెళ్లు. చాలా బండ్లలో బెల్టు బకిల్ సీటు ఫ్రేముకే ఉంటుంది, ఏదైనా గుద్దినప్పుడు ఆ ఊపు పడేది ఈ బోల్టుల మీదే.

రైలు విషయం కూడా చెప్పేస్తా. మా పక్కింటాయన బండి, ఆదివారం వస్తే పిల్లలతో గోపాల్‌పూర్ బీచ్. టార్చి వేసి చూస్తే కుడి రైలులో పాత గ్రీజూ ఇసుకా కలిసి నల్ల ముద్దయిపోయింది, అందులో ఒక చింతగింజ, కొంచెం మురీ (మరమరాలు), నిలువుగా ఇరుక్కున్న రూపాయి బిళ్ల. సీటు కదిలినప్పుడల్లా ఆ బిళ్ల అంచు ఇనుముని గీస్తోంది. పాత టూత్‌బ్రష్‌తో గోకి, వ్యాక్యూమ్ పెట్టి లాగి, పొడిగుడ్డతో తుడిచి, తెల్ల లిథియం గ్రీజు వేలికొసతో పలచగా రాశాం. ఆ చివర నుంచి ఈ చివరకి సీటు జరుపుతూ ఉంటే అదే పాకుతుంది. ఎక్కువైంది తుడిచేయాలి, లేకపోతే ఊళ్లో దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

జయపురం పాతకాపు:

మేస్టారికి చాక్‌పీస్ దొరికితే బెల్లు కొట్టినా క్లాసు అవ్వదు. ఇంత తతంగం దేనికి తమ్ముడూ? హార్డ్‌వేర్ షాపులో డబ్ల్యూడీ-40 డబ్బా అడుగు, ఆ ఎర్ర గొట్టం తగిలించి కీలు కనిపించిన ప్రతిచోటా కొట్టు, పని అయిపోతుంది. మేం అంబాసిడర్‌ని కుట్టు మిషను నూనెతో నడిపించిన వాళ్లం. సుంకి ఘాట్‌లో రాత్రిపూట మోత మొదలైతే కొబ్బరినూనె పోసి ఇంటికి చేరుకున్న రోజులున్నాయి. అప్పుడు లిథియం ఎక్కడుంది?

కోర్టుపేట మేస్టారు:

అంబాసిడర్ బయటే అంత మోత, సీటు మోత మీకెప్పుడు వినిపించింది బావుగారూ? డబ్ల్యూడీ-40ని నేను తీసిపారేయను. 1953లో అమెరికాలో తడిని తరిమి తుప్పు పట్టకుండా ఆపడానికి తయారుచేసిన సరుకు, నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది కాబట్టి ఆ 40. బిగుసుకున్న బోల్టు వదలడానికి, పాత మురికి కరగడానికి దాన్ని మించింది లేదు. కానీ దాని పొర పలచన, బరువు మోసే కీలు మీద ఎంతో కాలం నిలవదు. దాంతో శుభ్రం చేసి, తుడిచి, పైన గ్రీజు రాస్తే ఇద్దరి మాటా దక్కినట్టే. కొబ్బరినూనె మాత్రం ఎత్తకండి. ఇంచుమించు 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె అది, మీ కొరాపుట్ చలికాలంలో పొద్దున్నే అది ఏ అవతారంలో ఉంటుందో మీకే తెలియాలి.

జయపురం పాతకాపు:

సీటు మీద మనిషి కూర్చుంటే వేడికి అదే కరుగుతుంది లెండి.

రాయగడ రైల్వే:

పెద్దవాళ్లిద్దరూ నూనె దగ్గరే ఆగిపోయారు. అన్నా, మీ బండి ఏ సంవత్సరం మోడల్? సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ కుట్టి ఉందేమో చూడండి. ఉంటే సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటులోనే ఉన్నట్టు, దాని వైరు పసుపు రంగు కనెక్టర్‌తో సీటు కిందనుంచి పోతుంది. దాన్ని లాగొద్దు, చెయ్యి పెట్టి గుంజొద్దు. సీటు విప్పకుండా చేసే పని అయితే దాని జోలికే వెళ్లనక్కర్లేదు. విప్పాల్సి వస్తే ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగాలి. తొందరపడి కనెక్టర్ పీకేసి కీ తిప్పితే డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, స్కానర్ పెట్టి తీయించేదాకా పోదు. నన్నడిగితే ఆ ట్యాగ్ ఉన్న సీటును ఇంట్లో విప్పనే వద్దు. బయట కొన్న సీటు కవర్లు ఎయిర్‌బ్యాగ్ బయటికి వచ్చే కుట్టును మూసేస్తే కూడా ప్రమాదమే. ఇంకొకటి, స్ప్రే కొట్టేటప్పుడు బెల్టుకి గాని, బకిల్ లోపలికి గాని, పెడల్స్ మీదకి గాని వెళ్లకుండా కింద పేపరు పరవండి. బ్రేకు పెడల్ మీద కాలు జారితే సీటు మోత గుర్తుండదు.

అన్నీ అయ్యాక బండి కదపకముందే సీట్లో కూర్చుని ముందుకీ వెనక్కీ గట్టిగా తోయండి. రెండు రైళ్లలోనూ లాక్ క్లిక్‌మని పడాలి.

పర్లాకిమిడి:

సీటు సరే, ఏపీ నంబరు అన్నారు. దాని సంగతి చూశారా? వేరే రాష్ట్రం బండి 30 రోజులు దాటితే నంబరు మార్చాల్సిందే, రూలు. మార్చకపోతే ప్రతి చెకింగ్‌లోనూ పక్కకి తీయమంటారు.

రాయగడ రైల్వే:

అది కాదండీ. 30 రోజులు అనేది అడ్రసు మారినట్టు ఆర్‌టీవోకి తెలియజేయడానికి, మోటారు వాహనాల చట్టం 49వ సెక్షన్. నంబరు మార్చుకోవడం 47వ సెక్షన్, వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే. మీరు రెండూ కలిపేశారు. అన్నా, ఇక్కడే ఉండిపోయేలా ఉంటే ముందు ఏపీ ఆర్‌టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తెచ్చుకోండి. కారు లోను ఉంటే ఫైనాన్స్ వాళ్ల సమ్మతి కూడా కావాలి. ఇక్కడ పన్ను కట్టాక అక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు, అందుకే పాత రసీదు పారేయకండి.

పర్లాకిమిడి:

చట్టంలో ఎన్నైనా ఉంటాయి, రోడ్డు మీద నిలబెట్టినాయనకి 47వ సెక్షన్ మీరు వచ్చి చదివి వినిపిస్తారా?

రాయగడ రైల్వే:

వినిపించక్కర్లేదు. ఇక్కడికి ఎప్పుడు వచ్చారో తెలిపే కాగితం, అంటే ట్రాన్స్‌ఫర్ ఆర్డరు జిరాక్సు, బండిలో పెట్టుకుంటే చాలు.

గేట్ బజార్ అక్క:

పప్పు దించాను, ఇప్పుడు చెబుతా. ఆ ఇల్లు ఏ పేటలోదో అడగకండి. పై అంతస్తులో ఇంటాయన, కింద మేం. మా పాత కారు సీటు స్ప్రింగు ఒకటి క్లిప్పు ఊడి ఫ్రేముకి తగులుతోందని, ఆదివారం పొద్దున మా ఆయన పోర్టికోలో పాత పేపర్లు పరిచి సీటు బయటికి తీశారు. ఎయిర్‌బ్యాగులూ అవీ లేని బండి లెండి. స్ప్రింగు తగిలేచోట గుడ్డ టేపు చుట్టి, క్లిప్పు దగ్గర నైలాన్ టై వేసి బిగిస్తున్నారు. అంతలో పైనుంచి ఇంటాయన, నోట్లో వేపపుల్ల, భుజాన తువ్వాలు. మెట్ల మీదే నిలబడి, "ఇల్లు అద్దెకిచ్చానా, గ్యారేజీకిచ్చానా" అన్నాడు. మా ఆయన నవ్వి ఊరుకున్నారు, సరదాకి అన్నాడనుకున్నాం.

ఇల్లు ఖాళీ చేసేరోజు తెలిసింది సరదా కాదని. పోర్టికో ఎర్ర ఆక్సైడ్ గచ్చు, వాళ్ల నాన్నగారు దగ్గరుండి పోయించినది. గ్రీజు మరక పడిందని మొత్తం పోర్టికోకి పాలిష్ ఖర్చు రాసి అడ్వాన్సులోంచి కోసేశాడు! ఎక్కడండీ మరక అంటే బొటనవేలంత చోటు చూపించాడు. పాలిష్ చేయించిన బిల్లు ఇవ్వమంటే లేదు, చేయిస్తాను అన్నాడు. పైగా అగ్రిమెంట్‌లో వ్యాపారం చేయకూడదని ఉందట, కారు రిపేరు వ్యాపారమట! మా ఆయన మొహమాటస్తుడు, పోనీలే అన్నారు. నేను పోనిస్తానా? మేం దిగినరోజు సామాను ఎక్కించకముందే గచ్చు, గోడలు, కుళాయిలు, మీటరు రీడింగు అన్నీ ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకున్నాను. అదే చోట అదే మరక, పైన ఆయన స్కూటరే నిలబడి ఉంది. ఫొటో చూసి వేపపుల్ల తీసి పారేశాడు. అయినా అడ్వాన్సులో సగమే తిరిగిచ్చాడు, మిగతాది సున్నం కింద పోయిందన్నాడు. కాబట్టి తమ్ముడూ, సీటు తర్వాత, ఈ రాత్రికే ఇల్లంతా ఫొటోలు తీసుకోండి. అగ్రిమెంట్‌లో పార్కింగ్ అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

జయపురం పాతకాపు:

11 నెలలు దాటి రాసుకుంటే అగ్రిమెంటే చెల్లదు, అది చూసుకో ముందు.

కోర్టుపేట మేస్టారు:

చెల్లకపోవడం కాదు బావుగారూ, ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయించాలి, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఆ ఖర్చు తప్పించుకోవడానికి అందరూ 11 నెలలు రాస్తారు. మీరు ప్రతిదానికీ స్ప్రే కొట్టినట్టు తీర్పు కొట్టేయకండి.

కొత్తగా వచ్చినవాడు:

అందరికీ చాలా థాంక్స్. పొద్దున వీధిలోనే పెట్టి చూశాను, పోర్టికో జోలికి పోలేదు అక్కా. సీటు జరిపితే మోత మారలేదు. ఎత్తు లివరు లేపగానే ఆగింది, దించగానే మళ్లీ మొదలు. సీటు పక్కన ట్యాగ్ ఉంది, కింద పసుపు కనెక్టర్ కనిపించింది, ముట్టుకోలేదు. తలుపు వైపు కడ్డీలు కలిసేచోట గోధుమరంగు తుప్పు పొడి రాలి కార్పెట్ మీద పడి ఉంది. స్ప్రే గుడ్డకి కొట్టి శుభ్రంగా తుడిచి, పుల్లతో గ్రీజు లోపలికి పెట్టి, లివరు పైకీ కిందకీ ఆడించాను. ఆస్కా రోడ్డు గోతుల్లో తిప్పి వచ్చాను, ఆ కిర్రు లేదు. కాకపోతే అది పోయాక ఇప్పుడు వెనకనుంచి టకటక వినిపిస్తోంది, ఇన్నాళ్లూ దాని కింద ఇది తెలియలేదు.

కోర్టుపేట మేస్టారు:

కొక్కెం. గుడ్డ టేపు.

జయపురం పాతకాపు:

స్టెప్నీ కింద జాకీ వదులై ఉంటుంది, టేపు దండగ. డిక్కీ తెరిచి చూడు.

పర్లాకిమిడి:

అవన్నీ అవుతాయి గాని, ఎన్‌వోసీకి ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు అడుగుతారు. కొన్ని బండ్లలో ఆ నంబరు ముందు సీటు కింద కార్పెట్ మూత తీస్తే ఉంటుంది. సీటు వెనక్కి తోసే ఉంది కదా, సెల్లోటేపు వేసి పెన్సిల్ రుద్ది రెండు మూడు కాపీలు తీసి పెట్టుకోండి.