అప్‌డేట్: మైక్ బోర్డులో కూత ఆగింది

చిన్న మైక్ ప్రీఆంప్‌కి (మైక్ సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) స్విచింగ్ కన్వర్టర్ (వేగంగా ఆన్-ఆఫ్ అవుతూ వోల్టేజీ మార్చేది) తర్వాత 3.3 వోల్టుల ఎల్‌డీఓ (వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్) పెట్టినా సన్నటి కూత ఎందుకు వస్తోందని అడిగాను కదా. తేలింది, అందరికీ థాంక్స్.

కారణం హెడ్‌రూమ్, అంటే ఎల్‌డీఓకి వచ్చే వోల్టేజీకీ అది ఇచ్చే వోల్టేజీకీ మధ్య తేడా, చాలకపోవడం. కన్వర్టర్ 3.4 వోల్టులే ఇస్తోంది. డ్రాపౌట్‌కి (ఎల్‌డీఓ పనిచేయడానికి కావలసిన కనీస తేడా) అంత దగ్గరగా ఉంటే వోల్టేజీ నిలబడినట్టే కనిపిస్తుంది గానీ, రిపుల్‌ని (సప్లై వోల్టేజీలోని చిన్న హెచ్చుతగ్గులు) అణిచే సామర్థ్యం, అంటే పీఎస్‌ఆర్‌ఆర్, బాగా పడిపోతుంది. పైగా లోడ్ తక్కువైనప్పుడు కన్వర్టర్ మధ్యమధ్యలో పల్సులు ఆపేస్తుంది కాబట్టి ఆ రిపుల్ చెవికి వినబడే ఫ్రీక్వెన్సీకి దిగుతోంది. 3.8కి పెంచగానే కూత పోయింది! నా బోర్డు తీసుకునే 20 మిల్లీఆంపులకు పెరిగిన వేడి 8 మిల్లీవాట్లే, టెన్షన్ అక్కర్లేదు.

మెగాహెర్ట్జ్ స్థాయి స్పైకులు మాత్రం ఎల్‌డీఓ దాటి వచ్చేస్తున్నాయి. దానికి ముందు ఫెరైట్ బీడ్ (హై ఫ్రీక్వెన్సీ నాయిస్‌ని అడ్డుకునే చిన్న భాగం), కెపాసిటర్ పెట్టాక అవీ తగ్గాయి.