ఫైర్ ఫోమ్ కలిసిన గుంట నీళ్లు: కార్బన్ ఫిల్టర్‌కి ముందు ఏం చేయాలి?

ప్రశ్న (ట్యాంక్‌యార్డ్):
ఇంధన ట్యాంకుల దగ్గర ఫోమ్ సిస్టమ్ టెస్ట్ చేసిన నీళ్లు, వాన నీళ్లు కలిపి 80 ఘనమీటర్లు లైనింగ్ వేసిన గుంటలో ఉన్నాయి. వాడింది పీఎఫ్‌ఓఎస్ (పీఫాస్ అనే, తేలిగ్గా విరగని ఫ్లోరిన్ రసాయనాల్లో ఒకటి) ఉన్న పాత ఏఎఫ్‌ఎఫ్‌ఎఫ్, అంటే నీళ్లలో 3 శాతం కలిపి ఇంధన మంటలపై కొట్టే ఫోమ్. పైన డీజిల్ పొర, అడుగున పాచి. ఈటీపీలోకి (మా వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటులోకి) వదిలేయమని కొందరు, ఓజోన్ పెట్టమని కొందరు అంటున్నారు. గంటకు 2 ఘనమీటర్లు నడిచే గ్రాన్యులర్ కార్బన్ యూనిట్ పెడదామనుకుంటున్నాం. సైజు ఎంత ఉండాలి?

జవాబు (కార్బన్‌బెడ్):
ఈటీపీలోకి వదలొద్దండీ. పీఎఫ్‌ఓఎస్‌ని అక్కడి బ్యాక్టీరియా ఏమీ చేయలేదు. కొంత బురదకు అంటుకుంటుంది, మిగతాది అలాగే బయటికి పోతుంది. ఓజోన్ వద్దే వద్దు. మామూలు రిపోర్టులో కనపడని ప్రికర్సర్లు (తర్వాత వేరే పీఫాస్‌గా మారే పదార్థాలు) ఈ ఫోమ్‌లో చాలా ఉంటాయి. ఆక్సీకరణ జరిగితే అవి పీఎఫ్‌ఓఏ (ఇంకో పీఫాస్), అంతకంటే చిన్న కార్బన్ గొలుసున్న పీఫాస్ ఆమ్లాలుగా మారతాయి. లోపలికి వెళ్లినదాని కంటే బయటికొచ్చేది ఎక్కువగా కనిపించవచ్చు.

సైజు: ఒక్కో వెసెల్లో 15 నిమిషాల కాంటాక్ట్ టైమ్ (నీళ్లు కార్బన్‌లో ఉండే సమయం) లెక్కన అర ఘనమీటరు కార్బన్, సుమారు 250 కిలోలు. అలాంటివి రెండు వరసగా పెట్టండి. రెండింటి మధ్య శాంపిల్ ట్యాప్ తప్పనిసరి. మొదటి దాంట్లోంచి పీఎఫ్‌బీఏ (చిన్న గొలుసు పీఫాస్) ముందు దాటుతుంది, పీఎఫ్‌ఓఎస్ చాలా ఆలస్యంగా వస్తుంది. అందుకే పీఎఫ్‌ఓఎస్ ఒక్కటే చూస్తూ కూర్చుంటే మోసపోతాం. మొదటిది నిండితే రెండోదాన్ని ముందుకు తెచ్చి, కొత్తది వెనక పెట్టాలి.

కొత్త కార్బన్‌ని నీళ్లలో 24 గంటలు నానబెట్టి, నల్లటి పొడి పోయేదాకా బ్యాక్‌వాష్ చేయండి. గాలి బుడగలు మిగిలితే నీళ్లు దారులు చేసుకుని పోతాయి. నడుపుతుండగా మాత్రం బ్యాక్‌వాష్ చేయొద్దు. పీఫాస్ పట్టిన పై కార్బన్ కింది తాజా కార్బన్‌లో కలిసిపోతుంది. అందుకే బ్యాక్‌వాష్ అవసరం రాకుండా ముందే ఆయిల్ తీసేసి, 5 మైక్రాన్ బ్యాగ్ ఫిల్టర్ పెట్టాలి.

జవాబు (శాంపిల్‌సీసా):
ముందు శాంపిల్ సరిగ్గా తీయండి. పీఫాస్ నీటి పైపొరలో పేరుకుంటుంది కాబట్టి నీళ్ల మధ్య లోతు నుంచి తీయాలి. హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) సీసాలే వాడండి, టెఫ్లాన్ లైనింగ్ మూతలు, టెఫ్లాన్ టేపు దగ్గరికి రానీయొద్దు. సీసా గోడలకూ అంటుకుంటుంది కాబట్టి ల్యాబ్‌వాళ్లు సీసాలోది మొత్తం వాడి, మిథనాల్‌తో కడిగి ఆ కడుగు కూడా లెక్కలో కలపాలి. పీఫాస్ కొలిచే అమెరికా ఈపీఏ 1633 పద్ధతితో పాటు టాప్ అస్సే (ప్రికర్సర్లను ఆక్సీకరించి కొలిచే పరీక్ష) అడగండి, ప్రికర్సర్ల లెక్క దాంట్లోనే తెలుస్తుంది. నీళ్లలో మొత్తం సేంద్రియ పదార్థం ఎంతుందో చెప్పే టీఓసీ, సీఓడీ పరీక్షలు కూడా చేయించండి.

ట్యాంక్‌యార్డ్:
సీఓడీ ఎందుకండీ?

కార్బన్‌బెడ్:
ఫోమ్‌లో గ్లైకాల్ ఈథర్లు, మామూలు సర్ఫాక్టెంట్లు బోలెడు. కార్బన్‌లో చోటంతా అవే ఆక్రమిస్తాయి. సీఓడీ వేలల్లో ఉంటే 250 కిలోలు ఏ మూలకీ చాలవు. ఇంకో దారి అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ (పీఫాస్‌ని పట్టుకునే సన్నని పూసలు). రెజిన్‌కి 3 నిమిషాల కాంటాక్ట్ చాలు, అంటే 100 లీటర్లు. పీఎఫ్‌బీఎస్ లాంటి చిన్న గొలుసు పీఫాస్‌కి కార్బన్ కంటే మెరుగు. కానీ ఆయిల్, క్లోరిన్ తగిలితే పాడవుతుంది. కార్బన్ తర్వాత పాలిషింగ్‌కి (ఆఖరి శుద్ధికి) పెట్టండి.

జవాబు (బుడగలకాలమ్):
గుంటలోవి పలచని నీళ్లే కనుక ముందు ఫోమ్ ఫ్రాక్షనేషన్ (నురగగా విడదీయడం) చేయండి. పొడవాటి కాలమ్‌లో అడుగు నుంచి సన్నని గాలి బుడగలు పంపితే పీఎఫ్‌ఓఎస్, పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్ లాంటి పొడవు గొలుసు పీఫాస్ బుడగల అంచుకు చేరి నురగగా పైకొస్తాయి. ఆ నురగను తీసి విడిగా డబ్బాలో పట్టాలి. పీఎఫ్‌బీఏ మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది, దాని పని వెనకున్న రెజిన్‌దే. సిస్టమ్ పైపుల కడుగు నీళ్లు చిక్కగా ఉంటాయి, వాటిని ఈ కాలమ్‌లో పోస్తే నురగ అదుపు తప్పి పొంగుతుంది. వాటిని గుంటలో కలపకుండా డ్రమ్ముల్లో పెట్టండి. ఆ డ్రమ్ములు, పట్టిన నురగ, వాడేసిన రెజిన్ మూడూ 1,100 డిగ్రీల సెల్సియస్ దాటి నడిచే ప్రమాదకర వ్యర్థాల ఇన్సినరేటర్‌కే పోవాలి. ల్యాండ్‌ఫిల్‌లో వేస్తే ఊట నీళ్లతో మళ్లీ బయటికొస్తుంది. పంపు ఆన్ చేసే ముందే వాళ్లతో ఒప్పందం రాయించుకోండి.