వాన లేకుండానే టెంట్ లోపల తడిసిపోతోంది, ఏం చేయాలి?

మాది విశాఖ. దసరా దాటాక శని, ఆదివారాలు నేనూ మా ఆవిడా బండి మీద పాడేరు వైపు వెళ్తుంటాం. గత రెండు వారాలూ వంజంగి కొండ కింద టెంట్ వేశాం. రెండుసార్లూ ఇదే గొడవ.

రాత్రి 10కి పడుకునేటప్పుడు అంతా పొడిగానే ఉంటుంది. 3 గంటలయ్యేసరికి లోపలి గుడ్డ నిండా చెమట పట్టినట్టు నీటిబొట్లు. కొండెక్కుదామని 4కి జిప్ లాగానో లేదో, అవన్నీ జలజలా మా ఆవిడ మొహం మీద రాలాయి. (మేఘాలు చూపిస్తానని తెచ్చి స్నానం చేయించారు అంది.)

మన ఊపిరిలోని తేమే చల్లటి గుడ్డకు తగిలి నీరవుతుందని తెలుసు. ఇద్దరు పట్టే టెంట్, పైన విడిగా రెయిన్ కవర్. మొదటిసారి చలికి అన్నీ మూసేశాం. రెండోసారి కింద టార్పాలిన్ పరిచి, తలవైపు జిప్ జానెడు తెరిచి పెట్టాం. బొట్లు కాస్త తగ్గాయి గానీ మంచు లోపలికొచ్చి దుప్పట్లు తడిశాయి. పొద్దున చూస్తే కవర్ జారి లోపలి గుడ్డకు అతుక్కుని ఉంది.

వచ్చే శనివారం రాత్రి అత్తయ్యగారు, మామయ్యగారు కూడా వస్తున్నారు, మర్నాడు అక్కడే కార్తీక వనభోజనాలు. అంత మంచులో రెయిన్ కవర్ తీయకుండా, లోపల బొట్లు పట్టకుండా టెంట్ ఎలా కట్టాలి?