పోటీకి 8 వారాలు: రోజూ ముప్పావుగంటా, ఆదివారం ఐదు గంటలా?

ఒంటిదారం:
యోయో పోటీకి ఇంకా 8 వారాలుంది. నాది 1ఎ, అంటే ఒక్క యోయో, దారం ట్రిక్కులు. మొదటి రౌండు ఒక నిమిషం, అది దాటితే ఫైనల్ 3 నిమిషాలు. వారమంతా పనితో సరిపోతుంది, ఆదివారం మాత్రం ఐదు గంటలు తీరిగ్గా దొరుకుతాయి. నాతో ఆడే స్నేహితుడేమో రోజూ ముప్పావుగంట చాలు, ఒక్కరోజు కూడా మానకూడదంటాడు. ముప్పావుగంటలో నాకు వేళ్లు వేడెక్కడానికే పావుగంట పోతుంది. అదే ఆదివారం మూడో గంటకొచ్చేసరికి వేసిన ట్రిక్కల్లా పడుతుంది. మీరేమంటారు?

బైండ్‌బాబు:
ఆ మూడో గంటే మిమ్మల్ని ముంచేది. వాపు చూసి బలుపనుకుంటున్నారు. స్టేజి మీద మూడో గంట ఎవరిస్తారండీ? పేరు పిలుస్తారు, పాట మొదలవుతుంది, చల్లబడ్డ చేతులతో మొదటి త్రో వెయ్యాలి. అది కాస్త వంకరగా పడిందా, యోయోని నిటారుగా నిలబెట్టుకోవడంతోనే సగం కాంబో (వరసగా కలిపి వేసే ట్రిక్కులు) అయిపోతుంది.

అందుకే నేను రోజులో మొదటి ప్రయత్నాన్నే లెక్కేస్తాను. యోయో తీసి, రెండు త్రోలు వేసి, పాట పెట్టి, రొటీన్ (పాటకి కట్టుకున్న ఆట) పడుతూ లేస్తూ చివరిదాకా. ఎన్ని మిస్సులైతే కాగితం మీద అన్ని గీతలు. ఆ తర్వాత వందసార్లు బాగా వచ్చినా కాగితం మీదకెక్కదు. రోజూ ఆడేవాడికి 8 వారాల్లో ఇలాంటి మొదటి ప్రయత్నాలు 56 దొరుకుతాయి. మీకు 8.

లూప్‌పిచ్చి:
2ఎ వాళ్లకి ఇది చర్చే కాదు. రెండు చేతులా లూపులు (యోయోని ఆపకుండా ముందుకి విసిరి రప్పించడం) వేసేవాళ్లు నాలుగు రోజులు మానేస్తే ఎడమచెయ్యి పరాయిదైపోతుంది. పోనీ ఐదు గంటలు ఏకబిగిన వేద్దామా అంటే మర్నాడు మణికట్టు గ్లాసు కూడా ఎత్తనివ్వదు. రోజూ అరగంట. అంతే.

దారంపోగు:
బైండ్‌బాబు గారి లెక్క ముచ్చటగానే ఉంది గానీ, సగం లెక్కే. ఆడటానికి ముందు రొటీన్ అంటూ ఉండాలి కదా! కొత్త కాంబో కట్టడం ముప్పావుగంటలో తేలే పని కాదు. ఒక మౌంట్ (యోయోని దారం మీద నిలిపే తీరు) లోంచి ఇంకో మౌంట్‌లోకి దారి వెతుకుతూ కూర్చుంటే రెండు గంటలు ఎటు పోయాయో తెలీదు. తీరా అది దొరికే వేళకి లేచి వెళ్లిపోతే మర్నాడు మళ్లీ మొదటికే.

హిరోయుకి సుజుకి 2004, 2005, 2006ల్లో వరసగా 1ఎ ప్రపంచ టైటిల్ కొట్టి, మళ్లీ 2012లో కొట్టారు. ఆ ఆరేళ్లలో ఆట ఎక్కడినుంచి ఎక్కడికో పోయింది. పాత రొటీన్‌నే రోజూ రుద్దుకుంటూ కూర్చునేవాడికి ఆ నాలుగోది వస్తుందా?

ఇంకోటి, రోజూ ఆడాల్సిందేనని పంతం పడితే ఏదో ఒకరోజు యోయో చూస్తేనే విసుగొస్తుంది. నాకొచ్చింది. మూడు నెలలు ముట్టుకోలేదు.

బైండ్‌బాబు:
కట్టడానికి ఆదివారమే మంచిది, ఒప్పుకున్నాను. కానీ చివరి నాలుగు వారాల్లో కూడా కడుతూనే ఉండేవాళ్లని చూశాను. స్టేజి మీద చెయ్యి పాత దారిలో పోతుంది, బుర్ర కొత్త దారిలో పోతుంది. విసుగు మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మూడోవేలు:
అందరూ అసలు దారం సంగతే మరిచిపోయారు.

కిందటి పోటీకి నేను రోజూ ఆడాను, ఒక్కరోజు మానలేదు. కానీ ట్రిక్కులు విడివిడిగా. ఒక ట్రిక్కు, బైండ్ (తిరుగుతున్న యోయోని చేతికి రప్పించడం), యోయోని కిందకి వేలాడేసి దారం మెలి పోనివ్వడం, మళ్లీ ట్రిక్కు. ఆ వేలాడెయ్యడం చెయ్యి తనంతట తనే చేసేది, నాకు తెలిసేది కూడా కాదు. స్టేజి మీద పాట ఆగదు కదా. నిమిషంన్నర దాటేసరికి దారం బిగిసిపోయింది. విప్ (దారాన్ని కొరడాలా విసిరే ట్రిక్కు) వేస్తే వెడల్పుగా తెరుచుకోవాల్సిన దారం తనలో తనే మెలికపడి, యోయో గ్యాప్‌లో చిక్కుకుని ముడిపడింది. జేబులోంచి రెండో యోయో తీశాను: మైనస్ 3. (యోయో ఆగిపోతే 1, మారిస్తే 3, దారం నుంచి ఊడి ఎగిరిపోతే 5.) ఆ 3 కన్నా ఎక్కువ బాధ వేలికున్న ముడి లాగి, కొత్త దారంలో వేలు దూర్చేలోపు పోయిన టైముది. జడ్జీలు పడిన ప్రతి ఎలిమెంట్‌కీ (ట్రిక్కులో ఒక్కో ముక్కకీ) క్లిక్కర్ నొక్కుతూ పోతారు. మనం జేబులు తడుముకుంటుంటే ఏం నొక్కుతారు?

ఇప్పుడు రొటీన్‌లోనే 1:10 దగ్గర ఒక యూఎఫ్‌ఓ పెట్టుకున్నాను. యోయో అడ్డంగా తిరుగుతుంటే దారం మెలి విడిపోతుంది. చూసేవాళ్లకి అదీ ఓ ట్రిక్కే.

రోజూనా ఆదివారమా అంటే రోజూ అనే అంటాను, కానీ ఎన్ని నిమిషాలన్నది కాదు నా పట్టింపు. ఆ రోజుల్లో పాట మొదలుపెట్టి ఆగకుండా చివరిదాకా ఎన్నిసార్లు ఆడారు? అదొక్కటీ చెప్పండి చాలు.

ఒంటిదారం:
ఈ వారం బైండ్‌బాబు గారు చెప్పినట్టు చేసి చూశాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా మొదటి ప్రయత్నంలో మిస్సులు: 9, 11, 7, 7, 8. ఆదివారం మూడో గంటలో 2. ఇన్నాళ్లూ నా అంకె 2 అనుకుంటూ తిరిగాను. స్నేహితుడికి ఇంకా చెప్పలేదు, చెబితే పట్టుకుని వదలడు.

దారంపోగు గారి మాట ప్రకారం ఆదివారాలు వదులుకోవట్లేదు, కాకపోతే వచ్చే మూడు ఆదివారాల వరకే. ఒక సందేహం మాత్రం మిగిలింది. ఐదు రోజుల్లో మూడు రోజులు సరిగ్గా 1:25 దగ్గరే విప్ పోయింది. ఇది దారమా, నేనా?

మూడోవేలు:
1:25కి ముందు సైడ్ మౌంట్‌లు (పక్కకి విసిరి దారం మీదకి ఎక్కించేవి, ఒక్కోటీ దారాన్ని కాస్త మెలిపెడుతుంది) ఎన్ని ఉన్నాయి? ఏ పక్కకి? లెక్కపెట్టి చెప్పండి.

ఒంటిదారం:
ఆరు. ఆరూ ఒకే పక్కకి.

మూడోవేలు:
😂 మీరు కాదులెండి.