చర్చ: సగంలో ఆగిపోయిన కథను మీరు ఎలా ముందుకు నడిపించారు?

గానుగవీధి:
అందరికీ నమస్కారం. నేను అనకాపల్లి దగ్గర ఒక పల్లెలో ఉపాధ్యాయుణ్ణి. కొన్నేళ్లుగా కథలు రాస్తున్నాను. వాటిలో కొన్ని అచ్చయ్యాయి కూడా. ఇప్పుడు చేతిలో ఉన్నది బెల్లం వండే ఒక ముసలి రైతు కథ. ఎత్తుగడ కుదిరింది. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు పొలం అమ్మకం మాట మోసుకుని ఇంటికి వచ్చేవరకు కథ తనంతట తానే నడిచింది. తీరా తండ్రీ కొడుకులు ఎదురుపడిన చోట ఆగిపోయింది. ఎన్నిసార్లు రాసినా ఇద్దరూ రంగస్థలం మీద నిలబడి ప్రసంగిస్తున్నట్టే ఉంటోంది. కథ మీద ఇష్టం తగ్గలేదు, వేసవి సెలవులు కాబట్టి తీరికకూ లోటు లేదు. ఇలాంటి స్థితి నుంచి బయటపడినవారు ఏం చేశారో, ఏది చేసి ప్రయోజనం లేకపోయిందో కూడా దయచేసి వివరంగా రాయండి.

చిత్తుప్రతి:
మాస్టారూ, రాయలేకపోవడం అందరికీ ఒకే కారణంతో రాదు. కొందరికి రాసిన ప్రతి వాక్యాన్నీ అక్కడికక్కడే కొట్టేసే అలవాటు ఉంటుంది. వారికి చిత్తు వేరు, సాపు వేరు అని నమ్మకం కుదిరితే సగం బాధ తీరుతుంది. కొందరు మనసు పుట్టినప్పుడే రాద్దామని కూర్చుంటారు, ఆ మనసు ఎంతకీ పుట్టదు. రాబర్ట్ బాయిస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కళాశాల అధ్యాపకులతో ఒక ప్రయోగం చేసి 1983లో ప్రచురించారు. మనసైనప్పుడు రాసినవారి కంటే, ఇష్టమున్నా లేకున్నా నియమం ప్రకారం రాయవలసి వచ్చినవారికే కొత్త ఆలోచనలు కూడా ఎక్కువగా వచ్చాయని అందులో తేలింది.

అయితే మీ ఇబ్బంది ఈ రెండింటిలో ఏదీ కాదనిపిస్తోంది. మీ తండ్రి పాత్ర ఏం మాట్లాడాలో మీకు తెలుసు, ఆ సమయంలో ఏం చేస్తూ ఉంటాడో తెలియదు. కొడుకు వచ్చేసరికి ఆయన చేతుల్లో ఏముంది? ఏ పని మధ్యలో ఉన్నాడు? ఆ పని వదిలి లేవగలడా, లేవలేడా? వీటికి జవాబు లేనప్పుడు పాత్రలకు మాటలు తప్ప వేరే ఆధారం ఉండదు, అప్పుడు ప్రసంగాలు కాక మరేం వస్తాయి? నా కథలు ఆగిన ప్రతిసారీ కారణం దాదాపు ఇదే. ఒకసారి కుట్టుమిషను బాగుచేసే మనిషి గురించి రాస్తూ ఆగిపోయి, మా వీధి చివర దుకాణంలో ఒక మధ్యాహ్నం ఊరికే కూర్చుని వచ్చాను. బాబిన్ కేసులో దారం పీలికలను పిన్నీసుతో లాగుతూ ఆయన ఖాతాదారు ముఖం చూడకుండానే బేరమాడడం గమనించాక, ఆ కథలో సంభాషణలు వాటంతట అవే చిన్నవైపోయాయి.

అవధానప్రియ:
నేను పూర్తిగా వేరే దారిలో వెళతాను. అష్టావధానంలో దత్తపది అనే అంశం మీకు తెలిసే ఉంటుంది. పృచ్ఛకుడు పొంతనలేని నాలుగు మాటలిచ్చి, అవన్నీ వచ్చేలా ఫలానా విషయం మీద, ఫలానా ఛందస్సులో పద్యం చెప్పమంటాడు. ఏమైనా చెప్పండి అంటే తడుముకునే బుద్ధి, ఈ నాలుగు మాటలతోనే చెప్పండి అంటే పరుగెత్తుతుంది. కథ కదలనప్పుడు నేను మా అమ్మాయిని నాలుగు మాటలు అడుగుతాను. క్రితంసారి తాళంకప్ప, జీడిపప్పు, గొడుగు, అప్పు అంది. ఆ నాలుగూ వచ్చేలా ఒక పేజీ రాస్తాను. ఆ పేజీ కథలో మిగలవచ్చు, మిగలకపోవచ్చు, కానీ బిగుసుకున్న చెయ్యి వదులవుతుంది.

ముగింపు దగ్గర ఆగితే మాత్రం సమస్యాపూరణమే శరణ్యం. సమస్యగా ఇచ్చే పాదం సాధారణంగా పద్యంలో చివరిది, పైకి అసంబద్ధంగా కూడా ఉంటుంది. దాన్ని సబబు చేసే బాధ్యత ముందున్న మూడు పాదాలది. అలాగే కథకు ఎవరూ ఊహించని ఒక చివరి వాక్యం రాసి పెట్టుకుని, అది నిజమయ్యేలా వెనక్కి కట్టుకుంటూ రావచ్చు.

రెండోషిఫ్టు:
నియమంగా కూర్చోవాలన్న మాట చదివినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. నేను ఆసుపత్రిలో నర్సును. వారానికొకసారి షిఫ్టు మారుతుంది, ఇంటికొస్తే వంట, పిల్లల చదువులు, అత్తగారి మందులు. ఇంతకాలం నాకు మాటలు రావడం లేదనుకున్నాను గాని, నిజానికి కాగితం ముందు కూర్చునేసరికి ఒంట్లో ఓపిక ఉండేది కాదు. ఇప్పుడు బస్సు దిగి ఇంటికి నడిచే దారిలో ఫోనులో కథ చెప్పుకుంటూ వస్తాను, అది అక్షరాలుగా మారుస్తుంది. తప్పులు కుప్పలుగా ఉంటాయి, ‘ళ’ చాలాచోట్ల ‘ల’ అవుతుంది, అయినా దిద్దడానికి ఏదో ఒకటి ఉంటుంది. విశ్వనాథ సత్యనారాయణ గారు ‘వేయిపడగలు’ను తాము చెబుతూ తమ్ముడు వెంకటేశ్వర్లు గారి చేత రాయించారని చదివాక, నోటితో చెప్పడం తక్కువ పని అనే సంకోచం కూడా పోయింది.

గోదావరిగట్టు:
కదలని చోటును వదిలేసి ముందుకు వెళ్లండి. మన భాషలో దీనికంటే పెద్ద ఉదాహరణ ఉండదు: నన్నయ భారతం అరణ్యపర్వంలో ఆగిపోయింది. తిక్కన ఆ మిగిలిన భాగం జోలికి పోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టి, అక్కడి నుంచి 15 పర్వాలు పూర్తి చేశాడు. అరణ్యపర్వాన్ని ముట్టుకుంటే అరిష్టమనే భయం వల్ల అలా చేశాడని ఐతిహ్యం. కారణం ఏదైనా, ఆ ఖాళీని తర్వాతి శతాబ్దంలో ఎర్రన పూరించాడు. మొదట్లో నన్నయలా, పోనుపోను తిక్కనలా రాస్తూ, అతుకు తెలియకుండా కలిపాడని మన పెద్దలు ఇప్పటికీ మెచ్చుకుంటారు. మీరు కూడా కొడుకు తిరిగి వెళ్లిపోయే దృశ్యం ముందు రాసుకోండి. ఆ రాత్రి ఏం జరిగిందో దాన్నిబట్టే మీకు తెలుస్తుంది.

సాపుకాగితం:
గోదావరిగట్టు గారూ, నవలకైతే మీ సలహా శిరోధార్యం. ఆరు పేజీల కథలో కదలని దృశ్యమే చాలాసార్లు అసలు కథ. దాన్ని దాటేస్తే మిగిలేది ముందుమాట, వెనకమాట.

గోదావరిగట్టు:
నేను దాటేయమనలేదండీ, వరస మార్చమన్నాను. ఎర్రన ఖాళీని ఖాళీగా వదల్లేదు కదా.

డాలస్‌నుంచి:
నాది ఇంకో రకం ఇబ్బంది. ఇక్కడికి వచ్చి చాలా ఏళ్లయింది. పాత్రలు నోరు విప్పితే అందరూ వార్తలు చదివేవారిలా మాట్లాడుతున్నారు. మా అమ్మతో ఫోనులో మాట్లాడాక వెంటనే కూర్చుంటే ఒక గంటసేపు పాలమూరు మాట చెవిలో ఉంటుంది, ఆ గంటలో సంభాషణలు మాత్రమే రాస్తాను. మాస్టారికి ఇంకొక మాట. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం మీకు ఒక పూట ప్రయాణం. నాలాంటివారం దాని వెబ్‌సైటుతో సరిపెట్టుకుంటున్నాం. ఉత్తరాంధ్ర కథకులు తండ్రీ కొడుకులను ఎంత తక్కువ మాటలతో పోట్లాడించారో అక్కడ చదవవచ్చు. అయితే రాస్తున్న కథకు దగ్గరి వస్తువున్న కథలను మాత్రం ఆ సమయంలో చదవకండి. మన కథ అనవసరమనిపిస్తుంది.

గానుగవీధి:
అందరికీ కృతజ్ఞతలు. నాలుగు మాటల పద్ధతి ప్రయత్నించాను, సరదాగా ఉంది, కానీ ఆ పేజీ ఈ కథలో ఇమడలేదు. చిత్తుప్రతి గారి ప్రశ్నలకు జవాబు కోసం, ఇది బెల్లం వండే కాలం కాకపోయినా, మా ఊళ్లో పాతకాలపు వంటగాడొకరి దగ్గరికి వెళ్లి ఖాళీ పెనం పక్కనే కూర్చుని పని మొత్తం చెప్పించుకున్నాను. రసం కాగుతున్నంతసేపూ పైకి తేలే మడ్డి తీస్తూ ఉండాలి, కింద పొయ్యిలోకి ఎండిన పిప్పి ఎగదోస్తూ ఉండాలి. చివరికి పాకం చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూస్తారు. ఉండ కట్టిందంటే ఇక క్షణం ఆగడానికి లేదు. పెనం దించడం ఆలస్యమైతే అడుగంటి, రంగు నల్లబడి, ధర పడిపోతుంది. అంటే కొడుకు సరిగ్గా ఆ వేళకు వచ్చి పొలం మాట ఎత్తితే, తండ్రి తలెత్తి జవాబు చెప్పలేడు. ‘ఆ గరిటె అందుకో’ అనగలడు, అంతే. నిన్న రాత్రి దృశ్యం పూర్తయింది. తండ్రికి మొత్తం మూడు వాక్యాలే వచ్చాయి. ఇప్పుడు కొత్త సందేహం: కొడుకు పెనం దించడానికి చెయ్యి వేయాలా, వద్దా?

చిత్తుప్రతి:
దృష్టికోణం ఎవరిది? కొడుకుదైతే చెయ్యి వేయించండి, వేడి ఎంత ఉందో అతని వైపు నుంచి రాయగలరు. తండ్రిదైతే కొంచెం ఆలోచించాలి.

గానుగవీధి:
ఇప్పటివరకు తండ్రిది. కొడుకు వైపుకు మార్చితే మొదటి రెండు పేజీలు తిరగరాయాలి. ఆదివారం కూర్చుంటాను.