.32 పిస్టల్: మూడో రౌండు దగ్గరే ఆగిపోతోంది, తప్పు మ్యాగజైన్‌దా తూటాలదా?

కృష్ణాతీరం
అందరికీ నమస్కారం. నాన్నగారి .32 నా లైసెన్సు మీదకి మారి రెండేళ్లయింది. ఎనిమిది రౌండ్ల మ్యాగజైన్లు (తూటాలు నింపే డబ్బాలు) రెండున్నాయి. రేంజ్‌లో మొదటి రెండూ బాగానే పోతాయి, మూడోదో నాలుగోదో ముక్కు ర్యాంపుకి (తూటాని బ్యారెల్‌లోకి ఎక్కించే వాలు) తగిలి నిలబడిపోతుంది, స్లైడు (ముందుకీ వెనక్కీ జరిగే పై భాగం) సగంలో ఆగుతుంది. ఒకసారైతే ఖాళీ కేసు బయటపడకుండా స్లైడులో నిలువుగా ఇరుక్కుంది. స్ప్రింగులు మార్చాలా, ఏ నూనె వెయ్యాలి, మ్యాగజైను ఎప్పుడూ నింపే ఉంచొచ్చా, తెలిసినవాళ్లు చెప్పండి.

డల్లాస్_బాబాయ్
మణికట్టు చూసుకోండి ముందు. మా ఆవిడ .380 పిస్టల్ కూడా అంతే, తను కాలిస్తే మ్యాగజైన్‌కి రెండుసార్లు జామ్ అయ్యేది, అదే పిస్టల్ నేను కాలిస్తే 100 రౌండ్లకి ఒక్కటీ లేదు. చెయ్యి వదులుగా ఉంటే తూటా తోసిన తోపు చేతిలోనే కలిసిపోయి స్లైడు పూర్తిగా వెనక్కి రాదు, అందుకే ఖాళీ కేసు నిలువుగా ఇరుక్కుంటుంది. తనకి పట్టు నేర్పించాక ఆరు నెలలుగా ఒక్క జామ్ లేదు, ఇప్పుడు నాకన్నా బాగా కొడుతోంది.

కృష్ణాతీరం
అన్నా, నేను రోజూ పొలం పని చేసేవాణ్ని, చేతిలో బలం లేదంటే ఎలా ఒప్పుకుంటాను. పైగా అది ఒక్కసారే అయింది, మిగతావన్నీ ముక్కు తగిలి ఆగినవే.

25మీటర్లు
బలం వేరు, పట్టు వేరు. నేను గచ్చిబౌలిలో .22 స్పోర్ట్స్ పిస్టల్ ప్రాక్టీస్ చేస్త. .22 తూటాకి సీసం మీద మైనం పూత ఉంటది, రెండు మూడు వందల రౌండ్లయినాక చాంబర్ (తూటా కూసునే చోటు) మూతి దగ్గర నల్లగ జిగురుగ పేరుకుంటది, వేలు పెట్టి గీరితే గోట్లెకొస్తది. పోయిన సంవత్సరం ఒక పోటీల ర్యాపిడ్ సిరీస్ నడుమ ఆగింది. మూడు సెకన్లు టార్గెట్ కనిపిస్తది, ఏడు సెకన్లు పోతది, ఆ ఏడు సెకన్లల్ల నేను కంగారుల స్లైడు లాగేసిన. లాగకుండ పిస్టల్ టార్గెట్ దిక్కే ఉంచి ఇంకో చెయ్యి ఎత్తి అధికారిని పిలిస్తే మిగిలిన షాట్లు కొట్టే అవకాశం ఇచ్చేటోళ్లు, నేను ముట్టుకున్న కాబట్టి రాలె. మిగిలిన రెండు షాట్లు సున్నా. ఇప్పటికీ ఆ రోజు యాదికొస్తే నిద్ర పట్టదు.

కోస్తా_గాలి
నూనె సంగతి ఎవరూ చెప్పలేదు. కొబ్బరినూనె పలచగా రాయండి, చాలు. మాది కాకినాడ దగ్గర, ఉప్పుగాలికి తలుపు గొళ్లేలే తినేస్తాయి. మా నాన్నగారు 12 బోరు తుపాకీకి 30 ఏళ్లు కొబ్బరినూనే రాశారు, ఒక్క మచ్చ లేదు. 2024 ఎలక్షన్లకి మార్చిలో నా పిస్టల్ పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి జూన్‌లో తెచ్చుకుంటే బ్యారెల్ లోపల ఎర్రగా తుప్పు, గుడ్డ సంచిలో పెట్టి గచ్చు మీదే పడేసినట్టున్నారు, నా కడుపు తరుక్కుపోయింది. అప్పుడు కొబ్బరినూనే కాపాడింది.

పాత_ఆర్మరర్
22 ఏళ్లు ఆర్మరీలో (ఆయుధాగారంలో) చేశాను, నా చేతిలో ఎన్ని ఆయుధాలు విప్పి బిగించానో లెక్క లేదు. కొబ్బరినూనె పిస్టల్‌కి పనికిరాదు. 24 డిగ్రీల లోపు గడ్డకడుతుంది, ఎండలో ఎక్కువ రోజులుంటే ముక్కిపోతుంది, అందులో మందు మసి కలిస్తే బంకే. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు మేలు. స్లైడు పట్టాల మీద వేసి చిందీ గుడ్డతో తుడిచెయ్యాలి. మ్యాగజైన్ లోపల అసలు నూనె పెట్టకూడదు, దుమ్ము పట్టి స్ప్రింగు మొరాయిస్తుంది.

కోస్తా_గాలి
30 ఏళ్లు కళ్లారా చూసింది అబద్ధమా సార్? మా ఊళ్లో 24 డిగ్రీలు ఏడాదిలో ఎన్నిరోజులుంటుంది? మీరు ఆర్మరీలో గవర్నమెంటు నూనె వాడారు, మేము ఇంట్లో ఉన్నది వాడాం, తుపాకీ బతికింది.

పాత_ఆర్మరర్
మీ నాన్నగారిని నేను తప్పుపట్టడం లేదు. 12 బోరు డబుల్ బ్యారెల్‌లో తూటా చేత్తో పెట్టి చేత్తో తీస్తారు, బంక ఉన్నా వేలితో నెట్టేస్తారు. పిస్టల్‌లో స్లైడు తనంతట తను వెనక్కి వెళ్లి, ఖాళీ కేసుని లాగి, విసిరేసి, ముందుకొస్తూ కొత్తది తోసుకురావాలి. చిన్న పిస్టల్‌లో ఆ ప్రయాణం మరీ పొట్టి, అక్కడ జిగురు ఓర్వదు. ఈ తేడా తెలియక జనం తుపాకులు పాడుచేసుకుంటుంటే చూస్తూ ఊరుకోలేను.

కోస్తా_గాలి
ఓర్వదు అంటే సరిపోదు, నా పిస్టల్ ఇన్నాళ్లు నడిచింది కదా.

డల్లాస్_బాబాయ్
మీ పిస్టల్‌తో ఏడాదికి ఎన్ని రౌండ్లు కాలుస్తారు? నేను నెలకి 200 కాలుస్తాను, ఆ లెక్కలో ఏ నూనె నిలబడుతుందో తెలుస్తుంది.

కోస్తా_గాలి
మీ టెక్సాస్ లెక్కలు ఇక్కడ చెప్పకండి. మాకు తూటాలకి లైసెన్సు మీద కోటా ఉంటుంది, ప్రతి రౌండు పుస్తకంలో ఎక్కుతుంది. అందరికీ మీలాగా షాపుకెళ్లి డబ్బాలు తెచ్చుకునే వీలుందా?

లేత్‌పని
ర్యాంపుకి 600 నంబరు ఎమరీ పేపరు రాస్తే ముక్కు తగలడం పోతుంది. నేను నా స్నేహితుడిది చేశాను, అద్దంలా మెరిసింది.

పాత_ఆర్మరర్
అయ్యా, ఆ పని ఆపండి, దండం పెడతాను. ర్యాంపు వాలు ఒక వెంట్రుక మారినా, అంచు ఎక్కువ అరిగినా కేసు అడుగుకి ఆసరా పోతుంది, తూటా పగిలితే చేతికి తగిలేది ఆ మంటే. ముట్టాలంటే లైసెన్సున్న రిపేరు షాపువాడే ముట్టాలి.

లేత్‌పని
నేను 15 ఏళ్లుగా లేత్ మీద మైక్రాన్లలో పని చేస్తున్నాను, నాకు అరుగుదల నేర్పకండి.

పాత_ఆర్మరర్
మైక్రాన్లు తెలిసినవాడు ఎమరీ పేపరు వేలికి చుట్టి రుద్దమని చెప్పడు.

మోడరేటర్
ఇద్దరూ ఆపండి. ఆయుధం భాగాలు ఇంట్లో అరగదీసే సలహాలు ఇక్కడ వద్దు. కృష్ణాతీరం అడిగినదానికి రండి.

పాత_ఆర్మరర్
సరే. తమ్ముడూ, ఇవి చెప్పు. తూటాలు ఎప్పటివి? ఎక్కడ పెట్టావు? రోజూ చాంబర్‌లో ఎక్కించి దించుతావా?

కృష్ణాతీరం
తూటాలు నాన్నగారు ఉన్నప్పుడే కొన్నవి, తోలు పౌచ్‌లో ఉన్నాయి. రాత్రి పూట ఎక్కిస్తాను, పొద్దున దించి మళ్లీ మ్యాగజైన్‌లో పైన పెడతాను.

పాత_ఆర్మరర్
జబ్బు సగం దొరికింది. పౌచ్‌లోంచి ఒక తూటా తీసి కిటికీ దగ్గర వెలుగులో చూడు. తోలు తగిలే చోట ఇత్తడి మీద పచ్చగా చిలుముంటే అది చాంబర్‌లోకి సాఫీగా దిగదు. ఇక రోజూ ఎక్కించి దించే ఆ ఒక్క రౌండుని కొత్తదాని పక్కన నిలబెట్టు, పొట్టిగా కనిపిస్తుంది. ర్యాంపుకి రోజూ గుద్దుకుని బుల్లెట్ కేసులోకి దిగబడుతుంది. అది కాలిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది, దాన్ని అసలు కాల్చొద్దు, పక్కన పెట్టి డీలర్ దగ్గర అప్పజెప్పు.

ఇంకోటి, దీన్ని .32 వాళ్లలో సగం మంది పట్టించుకోరు. ఈ తూటా 1899 నాటి బ్రౌనింగ్ డిజైను, దాని అడుగు అంచు ఒంటికన్నా వ్యాసంలో అర మిల్లీమీటరు ఎక్కువ. .380కి, 9 ఎంఎంకి ఆ అంచు బయటికి రాదు. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి వెనక పడిందంటే స్లైడు ఎంత తోసినా రెండూ కొక్కెం వేసుకుంటాయి, ముక్కు కిందికి వంగుతుంది. పొట్టి తూటా ఉంటే లోపల ముందుకీ వెనక్కీ జరగడానికి చోటు దొరికి ఈ తగులాట ఇంకా ఎక్కువ. కాబట్టి ఒక్కొక్కటి పెట్టేటప్పుడు పైది కిందిదానికి ముందు ఉందో లేదో బొటనవేలితో తడుముకో.

డల్లాస్_బాబాయ్
అంచు సంగతి నాకు తెలీదు, మా .380కి ఆ గొడవ లేదు. కానీ మణికట్టు మాట మాత్రం వెనక్కి తీసుకోను.

25మీటర్లు
మ్యాగజైన్లకి అడుగున 1, 2 అని రాసుకోండి. ఏదాంట్ల జామ్ అయితే ఎన్నో రౌండో నోట్ చేసుకోండి. మా కోచ్ మొదటి రోజే చేయించిండు. ట్రిగ్గర్ నొక్కితే టక్ అని పేలకపోతే వెంటనే స్లైడు లాగొద్దు, ముందు దిక్కే ఉంచి 30 సెకన్లు ఆగండి.

కోస్తా_గాలి
ఎలక్షన్లకి డిపాజిట్ చేసేటప్పుడు తుప్పు లేదని రసీదు మీద రాయించుకోవచ్చా, ఎవరికైనా తెలుసా? ఇదే నన్ను తినేస్తోంది.

కృష్ణాతీరం
నిన్న రేంజ్‌కి వెళ్లొచ్చాను. పాత_ఆర్మరర్ గారూ, మీకు పాదాభివందనం. పౌచ్‌లోవాటిలో పదకొండు తూటాలకి నడుం చుట్టూ పచ్చటి గీత ఉంది. రోజూ ఎక్కించి దించే రౌండుని ఇంకోదాని పక్కన నిలబెడితే పొట్టిగానే ఉంది, కంటికే తెలుస్తోంది. అవన్నీ డీలర్‌కి ఇచ్చేసి కొత్తవి 40 తీసుకున్నాను. అంచులు తడుముకుంటూ నింపాను, పిస్టల్ పొడిగా తుడిచి పట్టాల మీద కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేశాను. 40లో ఒక్కటి ఆగింది, మ్యాగజైన్ నంబరు 2లో.

పాత_ఆర్మరర్
ఆ ఒక్కటి ఎన్నో రౌండు?

కృష్ణాతీరం
ఆఖరిది. అది ముక్కు తగలడం కాదు, అసలు పైకే రాలేదు, స్లైడు దాని మీదుగా వెళ్లి ఖాళీగా మూసుకుంది.

పాత_ఆర్మరర్
అయితే 2కి స్ప్రింగు మార్చు. స్ప్రింగు బలం తగ్గేది నింపి ఉంచిన రోజుల లెక్కన కాదు, నాన్నగారు ఎన్నిసార్లు నింపి ఖాళీ చేశారో ఆ లెక్కన. ఒకటో నంబరుతోనే ఇంకో 40 కాల్చి చెప్పు.